గోడలు ముట్టొద్దు

శుక్రారం, జుమ్మా నమాజు అయిపోయి
ముహర్రక్ గల్లీలు కునుకు తీస్తున్న యాల
ఒక దినారు ఇచ్చి టికెట్టు కొన్న.
పదకొండు నెలలు ఎనక తలుపుల నుంచి
నెత్తి మీద తట్టతోని పోయిన ఇంట్లకు
ఇయ్యాల ముందటి తలుపుల నుంచి పోతున్న.
చెప్పులు ఇడువాల్నా అని అడిగిన.
అవసరం లేదన్నడు గేటుకాడి పిలగాడు.
అయినా ఇడిసిన.

ముత్యాల షావుకారు గానిమ్ ఇల్లు ఇది.
ఆయన పోయి ఎనభై ఏండ్లట.
మేం వచ్చిన దినం
ఇంటి నిండ పిల్లులు, పావురాల రెట్ట,
కూలిన కప్పుల నుంచి నిట్టనిలువుగ ఎండ.
నారాయణపేట మల్లేశం, మక్తల్ కాశప్ప, నేను.
సముద్రంల కోసుకొచ్చిన పగడపు రాయిని
ఒక్కొక్కదానికి నంబరు రాసి దించినం,
మళ్ల గదే నంబరుకు ఎక్కిచ్చినం.
రాయి నిండ తూట్లు, జొన్నరొట్టె మీద బొబ్బలు పలిగినట్టు.
రాయి కాదిది, చచ్చిన పురుగుల ఇల్లు, అన్నడు ఇంజినీరు.
కాశప్ప చెవు ఆనిచ్చి ఇన్నడు.
ఏం ఇనవడ్డదో ఎవ్వలకు చెప్పలే.

గైడు పిల్ల పేరు నూఫ్.
ఇంగ్లీషుల చెప్తున్నది, సగం సమజైతున్నది.
ఈ గోడ నూట ఇరువై ఏండ్లదట,
కట్టినప్పుడు ఎట్లున్నదో ఇప్పుడూ అట్లనే ఉన్నదట.
ఆ గోడ రెండేండ్ల కిందటి జూలైది.
దాంట్ల జిప్సమెంతో మా చెమట గూడ అంతే.
నేనేం అనలే.
పిల్ల మంచిగ చెప్తున్నది.

పక్క అర్రల ఇత్తడి జల్లెళ్లు,
గోరంత తూనిక రాళ్లు,
ముత్యాలు పోసి చూసే ఎర్రగుడ్డ.
అద్దాల పెట్టెల ఒక లెక్కల బుక్కు:
నీళ్లల్ల మునిగెటోని పేరు,
ముందుగాల ఇచ్చిన పైకం, ఇంక మిగిలిన బాకీ.
తండ్రి పోతే బాకీ కొడుకు మీదికట.
అరబ్బీ రాకున్నా గా పేజీ చదివిన.
మా గుంపు మేస్త్రి బుక్కుల గూడ
అంకెలు గిట్లనే కిందికి దిగినా కొద్ది లావైతుండె.

మెట్ల కింద బోర్డు పెట్టిండ్రు.
చెయ్యి బొమ్మ, దాని మీద ఎర్రగీత.
గోడలు ముట్టొద్దు.
మా ఊర్ల దీనికి బోర్డు లేకుండె.

ఆ బోర్డు ఎనకనే, పాత గిలాబు గీకుతుంటే
నాలుగు వేళ్ల అచ్చు దొరికింది ఒకప్పుడు.
ఎవలదో, నా చెయ్యికన్న చిన్నది.
బొటనవేలు జారి పొడుగ్గ గీత వడ్డది.
ఇంజినీరు ఫోటో తీసుకొని కప్పుమన్నడు.
కప్పిన.
సున్నం పలుచగ ఏసిన, అంతే.

"భాయ్, భాయ్!" గార్డు ఉరికొచ్చిండు.
చెమ్మ చూస్తున్న, అన్న.
అబద్ధమాడుదామని అన్న గాని
నిజంగనే చెమ్మున్నది. కిందికెల్లి ఉప్పు పూస్తున్నది.
సముద్రం ఇంక ఆ రాయిని ఇడువలే.

ఎనక తోట మేం పోయినంక పెట్టిండ్రు.
దానిమ్మ, గోరింట, బాదం, నాలుగు ఈతకు పెద్ద ఖర్జూరాలు.
ప్రతి చెట్టు కాళ్లకాడ పేరు చెక్కిన పలక.
మొఫిజుల్ పైపుతోని నీళ్లు వడుతున్నడు.
సిల్హెట్ దిక్కోడు.
మోటరు షెడ్డు చాటుకు రమ్మని సైగ జేసిండు.
అక్కడ మా సున్నం బకెట్ల మిరపచెట్టు,
ఆకు కన్న కాయ ఎక్కువున్నది.
బకెటు మీద నల్ల మార్కరుతోని తెలుగక్షరాలు.
ఎవలూ ఎత్తుకపోవద్దని రాసుకున్నడు అప్పుడు.

"ఇదేం భాష? చెట్టు పేరేనా?" అడిగిండు మొఫిజుల్.
తోటల అన్నిటికి పేర్లున్నయి గద,
దీనికి గూడ ఎవలో రాసిండ్రనుకున్నడట.
రెండేండ్ల సంది నీళ్లు వోస్తున్నడు, పేరు పలుకరాక.

ఔ, చెట్టు పేరే, అన్న.
మల్లేశం.

మొల్లేషోమ్, మొల్లేషోమ్ అని
రెండు సార్లు నోట్ల తిప్పుకొని
నాలుగు కాయలు తెంపి నా జేబుల ఏసిండు.
టికెట్టు పక్కన.